ఆదోనికీ కర్నూలుకూ నడుమ: పారామెడిక్ పట్టా విద్య, మన విద్యార్థులు

సుమతీ శతకకారుడు మనిషి కాపురముండదగిన ఊరు ఎట్టిదో చెబుతూ, అక్కడ తప్పక ఉండవలసినవారిలో వైద్యుణ్ణి కూడ లెక్కించాడు. వైద్యుడు లేని చోట ఉండవద్దని ఆయన హితవు. ఆ పద్యాన్ని తరగతిలో బోధించినప్పుడల్లా మా మనస్సులో ఒక సందేహం మెదులుతూ ఉంటుంది. రోగి ఇక్కడ ఉన్నాడు. అతనికి కావలసిన వైద్యుడు వంద కిలోమీటర్ల దూరాన ఉన్నాడు. ఈ ఇద్దరి నడుమ ఉన్న దారిలో రోగికి దిక్కెవరు? శతకకారుని కాలంలో ఈ ప్రశ్న పుట్టలేదు. మన కాలంలో పుట్టింది. దానికి సమాధానం చెప్పవలసిన బాధ్యత మన పడమటి తాలూకాలవారికి తక్కినవారికంటె ఎక్కువగా ఉన్నది.

మన ఆదోని పెద్ద పట్టణమే. పత్తి వ్యాపారానికి పేరుగన్న ఊరు. ఎమ్మిగనూరు నేత మగ్గాలకు ప్రసిద్ధి. రెండు చోట్లా ఆసుపత్రులున్నాయి, వైద్యులున్నారు. అయినను గుండె జబ్బు వచ్చినా, తలకు దెబ్బ తగిలినా, కాన్పు కష్టమైనా చివరకు వినవచ్చే మాట ఒక్కటే: "కర్నూలుకు తీసుకొని పొండి." కర్నూలు వైద్య కళాశాల 1956లో ఏర్పడిన నాటినుండి ఈ ప్రాంతపు రోగులకు పెద్ద దిక్కు అదే. ఎమ్మిగనూరు, గోనెగండ్ల, కోడుమూరు దాటి అక్కడికి చేరేసరికి రెండు గంటలు సులభంగా గడచిపోతాయి. ఆదోనికి ప్రభుత్వ వైద్య కళాశాల మంజూరైన సంగతి అందరమూ ఎరుగుదుము. అది పూర్తిగా పనిచేయు రోజు రావాలని కోరుకొందాము. కాని అది వచ్చిన తరువాత కూడ కోసిగి నుండి, కౌతాళం నుండి, పెద్దకడబూరు నుండి ఆదోనికి దారి ఉండనే ఉంటుంది. ఆ దారిలో రోగి ఉండనే ఉంటాడు.

కొంతకాలం క్రిందట ఒక శీతకాలపు రాత్రి ఈ దారిని మేము ఒక రోగి ప్రక్కన కూర్చుండి దాటవలసి వచ్చింది. మా వీధిలో వీధివారందరూ ఖాలా అని పిలుచుకొనే ఒక వృద్ధురాలు ఉండేది. ఆమె కొడుకు పత్తి మార్కెట్టులో హమాలీ. ఆ రాత్రి ఇషా నమాజు తరువాత ఆమె "దిల్ ఘబరారా బేటా" అన్నది. ఒళ్ళంతా చెమట పట్టింది. జీ మత్లారా అని కూడ అన్నది. ఇంట్లోవారు ఏదో భయపడినదనుకొన్నారు. ఒకరు షర్బత్ కలిపి ఇచ్చారు. ఒకరు దిష్టి తీశారు. తెల్లవారిన తరువాత చూద్దామన్నారు. మేమూ ఆ మాటకు తలయూపినవారిలోనే ఉన్నామని సిగ్గుతో ఒప్పుకొంటున్నాము. నాలుగు గంటలు అట్లే గడచిపోయినవి. ఊపిరి అందక గస పెట్టిన తరువాత గాని ఆసుపత్రికి తీసుకొనిపోలేదు. అక్కడివారు చూచి, గుండెపోటు అని నిర్ణయించి, కర్నూలుకు పంపించారు.

అంబులెన్సులో ఆమె ప్రక్కన ఒక యువకుడున్నాడు. ఇరవై అయిదేళ్ళుండవచ్చును. వినయశీలి. ప్రాణవాయువు పెట్టాడు, రక్తపోటు చూశాడు, పదే పదే నాడి పట్టుకొన్నాడు. ఖాలా ఉర్దూలో ఏదో చెప్పబోయిన ప్రతిసారీ మా ముఖం వైపు చూచి, "ఏమంటున్నారు సార్?" అని అడిగేవాడు. మేము తెలుగులో చెప్పేవాళ్ళము. గోనెగండ్ల దాటిన తరువాత ఆమె మాట ఆగిపోయింది. ఆ యువకుడు ఎదపై చేతులు వేసి నొక్కనారంభించాడు. అతని చేతులు వణకుతూ ఉన్నా ఆపలేదు. కోడుమూరు దీపాలు కనిపించే వేళకు ఇక ఏమీ మిగలలేదని మాకు తెలిసిపోయింది.

తిరుగు ప్రయాణంలో అతడు చెప్పిన మాట మేము మరువలేదు. "మూడేళ్ళు మొక్కలను గురించి చదివాను సార్. మనిషిని గురించి చదివింది కొన్ని వారాలే." అతడు వృక్షశాస్త్రం ప్రధానంగా బి.ఎస్‌సి. చదివినవాడు. ఉద్యోగం కొరకు ఎదురుచూచి, దొరికిన పనిలో చేరి, ఇచ్చిన శిక్షణను శ్రద్ధగా నేర్చుకొన్నాడు. అతనిలో లోపం లేదు. ఎక్కువ చదివినవాడుంటే ఖాలా బ్రతికేదని మేము చెప్పలేము. అట్లా చెప్పడం అతనికీ అన్యాయం, సత్యానికీ అన్యాయం. నాలుగు గంటలు పోగొట్టినది మేమే. అయితే "దిల్ ఘబరారా" అన్న మాటను, చెమటను, వాంతి వచ్చినట్లుండుటను ఒక చోట చేర్చి చూచి, ఇది భయం కాదు, గుండె అని చెప్పగలవారు మా వీధిలో ఒక్కరున్నా ఆ నాలుగు గంటలు మిగిలేవి. అట్టివారు మన కళాశాల నుండి ఎందుకు రాకూడదన్నదే ఈ వ్యాసంలో మేము అడుగదలచిన ప్రశ్న.

మొదట ఒక అపోహను తొలగించుకొనడం అవసరం. మన ప్రాంతంలో 'పారామెడికల్' అనగానే రక్తపరీక్ష చేసేవారు, ఎక్స్‌రే తీసేవారు అందరికీ గుర్తుకు వస్తారు. అవి గౌరవప్రదమైన వృత్తులే. మేము చెప్పుచున్నది అది కాదు. పారామెడిక్ అనగా ప్రాణాపాయ స్థితిలో ఉన్న మనిషి దగ్గరకు తానే వెళ్ళి, అక్కడే చికిత్స మొదలుపెట్టి, ఆసుపత్రి చేరువరకు ప్రాణాన్ని నిలిపి ఉంచే విద్య నేర్చినవాడు. పరీక్షాశాల సాంకేతికునికి రోగి నెత్తురు వస్తుంది. పారామెడిక్‌కు రోగి ఇల్లు, రోడ్డు, పొలం, చీకటి, చుట్టూ ఏడ్చే జనం అన్నీ కలిసి వస్తాయి.

ఈ విద్యను అత్యవసర వైద్య సాంకేతిక శాస్త్రమనే పేరుతో దేశంలోని పలు విశ్వవిద్యాలయాలు బి.ఎస్‌సి. పట్టాగా బోధిస్తున్నాయి. ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివినవారు ఇందుకు అర్హులు. సాధారణంగా మూడేళ్ళ చదువు, ఆపైన ఒక ఏడాది ఆసుపత్రిలో అనుభవ శిక్షణ ఉంటాయి. శరీర నిర్మాణ శాస్త్రం, శరీర ధర్మ శాస్త్రం, ఔషధ శాస్త్రం మొదలుకొని, గుండె విద్యుల్లేఖనాన్ని చదువుట, శ్వాస మార్గాన్ని తెరచి ఉంచుట, గాయాల రక్తస్రావాన్ని అరికట్టుట, కాన్పు చేయుట, పసిపిల్లలకు ఊపిరి పోయుట, పెద్ద ప్రమాదాలలో ఎవరిని ముందు తరలించవలెనో నిర్ణయించుట వరకు ఇందులో బోధనాంశాలు. మన రాష్ట్రంలో వైద్య విద్యకు సంబంధించిన పట్టాలకు ఆధారమైన ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం 1986లో విజయవాడలో ఏర్పడింది. ప్రవేశ ప్రకటనలు ఏటా వెలువడుతూ ఉంటాయి. వాటిని చదివే అలవాటు మాత్రం మన ఇళ్ళలో ఇంకా ఏర్పడలేదు.

కొన్ని వారాల శిక్షణ చాలదా, పట్టా ఎందుకని కొందరు పెద్దలు అడుగుతారు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. మన రాష్ట్రంలో 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై పల్లెలన్నిటికీ ప్రాకింది. పిమ్మట దేశంలోని పలు రాష్ట్రాలు ఆ దారినే నడచినవి. పొట్టి శిక్షణ పొందిన వేలమంది యువకులు ఆ బండ్లలో లెక్కలేనన్ని ప్రాణాలు కాపాడారు. వారికి మనమందరమూ ఋణపడి ఉన్నాము. కాని శిక్షణ వేరు, విద్య వేరు. శిక్షణ, ఇట్లు జరిగినప్పుడు ఇట్లు చేయుమని చెబుతుంది. విద్య, ఎందుకు చేయవలెనో, ఎప్పుడు చేయరాదో చెబుతుంది. పుస్తకంలో వ్రాసినట్లు రోగం రాదు. అట్టి వేళ తోడ్పడేది విద్య ఒక్కటే.

ఈ విషయంలో అమెరికా దేశపు చరిత్రలో ఒక ఘట్టం మన వంటివారు తెలిసికొనదగినది. పిట్స్‌బర్గ్ నగరంలో హిల్ డిస్ట్రిక్టు అని నల్లజాతి పేదలు నివసించే ప్రాంతమొకటి ఉన్నది. ఆ రోజుల్లో అక్కడ రోగిని ఆసుపత్రికి చేర్చేది పోలీసు బండి. అందులో చికిత్స అన్నది లేదు. పీటర్ సఫార్ అనే వైద్యుడు, నోటితో ఊపిరి ఊది ప్రాణం నిలిపే పద్ధతిని లోకానికి నేర్పిన ప్రముఖులలో ఒకడు, 1966లో తన చిన్నారి కుమార్తెను ఉబ్బసం వల్ల కోల్పోయాడు. ఆ మరుసటి ఏడాది, 1967లో, 'ఫ్రీడమ్ హౌస్' పేరుతో ఆ పేటలోని నిరుద్యోగ యువకులనే చేరదీసి, దాదాపు 300 గంటల కఠినమైన శిక్షణ ఇచ్చి, అంబులెన్సు సేవను నడిపించడానికి తోడ్పడ్డాడు. వారిలో పలువురు ఉన్నత పాఠశాల చదువు కూడ పూర్తి చేయనివారు. ఎందుకూ కొరగారని లోకం ప్రక్కన పెట్టిన ఆ యువకులే ఆ దేశపు తొలి పారామెడిక్కులలో నిలిచారు. తమ పేటవారి ప్రాణాలను తామే కాపాడుకొన్నారు.

ఆ కథకు ముగింపు కూడ ఉన్నది. దానిని దాచరాదు. 1975లో నగరపాలకులు సొంత అంబులెన్సు సేవను నెలకొల్పి ఫ్రీడమ్ హౌస్‌ను మూసివేశారు. క్రొత్త పరీక్షలు, క్రొత్త నిబంధనలు వచ్చినవి. పని నేర్చి, పని చేసి చూపినవారిలో అనేకులు క్రమంగా తొలగిపోవలసి వచ్చింది. ఇందులోని పాఠం మనకు స్పష్టం. ఆదరణ లేనివాని చేతిలో నేర్పు ఒక్కటే ఉంటే, దానిని ఎప్పుడైనా త్రోసిపుచ్చవచ్చును. నేర్పుతోబాటు విశ్వవిద్యాలయం ఇచ్చిన పట్టా కూడ ఉంటే అంత సులభంగా త్రోసిపుచ్చలేరు.

లోకం ఈ దిశగానే నడుస్తున్నది. ఆస్ట్రేలియాలో 2018 డిసెంబరు నుండి పారామెడిక్ వృత్తికి దేశవ్యాప్తమైన నమోదు విధానం వచ్చింది. ఇంగ్లండులో 2021 సెప్టెంబరు నుండి ఈ వృత్తిలో నమోదుకు దారితీసే చదువు పట్టా స్థాయిదై ఉండవలెనన్న నియమం అమలులోనికి వచ్చింది. మన దేశంలోనూ 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ సంఘాన్ని ఏర్పరచే చట్టం చేసింది. ఆ చట్టపు అనుబంధంలో పారామెడిక్ పేరు స్పష్టంగా ఉన్నది. అనుబంధ ఆరోగ్య వృత్తినిపుణుడు కావలెనన్న 2,000 గంటలకు తక్కువ కాని డిప్లొమా గాని పట్టా గాని ఉండవలెనని ఆ చట్టం నిర్దేశించింది. అనగా, కొన్ని వారాల శిక్షణతో సరిపెట్టుకొనే కాలం నెమ్మదిగా ముగియనున్నది. ఆ మార్పు వచ్చినప్పుడు మన పిల్లలు ద్వారం లోపల ఉంటారా, వెలుపల ఉంటారా అన్నది ఈనాడే ఆలోచించుకొనవలసిన సంగతి.

మన ప్రాంతపు ఆపదలు కూడ ఈ విద్యనే కోరుచున్నవి. పత్తి పండే నేల మనది. పత్తికి పురుగుమందు తప్పదు. మందు కొట్టేవాని ఒంటికి పట్టి గాని, అప్పుల బాధతో త్రాగి గాని ప్రాణం మీదికి తెచ్చుకొనే రైతుల సంగతి మనమెరుగుదుము. అట్టివానికి ఉప్పునీళ్ళు, సబ్బునీళ్ళు పట్టి కక్కించే అలవాటు నేటికీ ఉన్నది. ఆ కక్కు ఊపిరితిత్తులలోనికి పోతే ముప్పు రెట్టింపవుతుంది. కంటిపాపలు సూదిమొనలంత చిన్నవగుట, నోట చొంగ, ఒళ్ళంతా చెమట చూచి, ఇది ఏ జాతి విషమో గుర్తించి, బట్టలు విప్పి ఒళ్ళు కడిగి, ఊపిరిదారిని శుభ్రపరచి, వైద్యుని ఆదేశంతో అట్రోపిన్ మొదలుపెట్టగలవాడు కావాలి.

పాముకాటు సంగతి చూడండి. 2000 నుండి 2019 వరకు మన దేశంలో సగటున ఏటా 58,000 మంది పాముకాటుతో మరణించినట్లు పరిశోధకులు లెక్క తేల్చారు. కట్లపాము రాత్రివేళ నేలపై పడుకొన్నవారిని కరుస్తుంది. కాటు నొప్పి కూడ పెద్దగా తెలియదు. తెల్లవారుజామున కనురెప్పలు వాలిపోతాయి, మ్రింగుడు పడదు, చివరకు ఊపిరి ఆగుతుంది. విషానికి విరుగుడు ఆసుపత్రిలో ఉన్నది. కాని అక్కడికి చేరువరకు ఆ ఊపిరిని చేతిసంచితో నడిపించగలవాడుంటే మనిషి బ్రతుకుతాడు. త్రాడు బిగించి, కాటు కోసి, మంత్రం వేయించేవాడుంటే బ్రతుకడు.

ఇక రోడ్లు. 2022 ఒక్క సంవత్సరంలోనే దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాలలో మరణించారని కేంద్ర ప్రభుత్వ నివేదిక తెలియజేసింది. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు సమీపాన చిన్నటేకూరు వద్ద బస్సు దగ్ధమైన ఘోరం మన కళ్ళముందు నుండి ఇంకా తొలగిపోలేదు. వానలు తప్పిన ఏడు మన కోసిగి, మంత్రాలయం, ఆదోని పల్లెల నుండి కుటుంబాలకు కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు వలసపోతాయి. లారీలలో, ఆటోలలో క్రిక్కిరిసి పోయే ఆ కూలీలలో మన విద్యార్థుల తల్లిదండ్రులు కూడ ఉంటారు. గుండె ఆగినవానికి ఎదపై నొక్కుట మొదలుపెట్టక జారవిడచిన ఒక్కొక్క నిమిషానికి బ్రతికే అవకాశం నూటికి ఏడు నుండి పది పాళ్ళు తగ్గిపోతుందని వైద్యశాస్త్రం చెబుతున్నది. నిమిషాలతో లెక్కించే ఈ వ్యవహారంలో మన దూరాలు గంటలలో ఉన్నవి.

ఇక్కడ మేము తెలుగు చెప్పుకొని బ్రతికేవారమైనందున భాషను గురించి ఒక మాట చెప్పవలసి ఉన్నది. మన విద్యార్థులు ఈ చదువుకు వెనుకాడుటకు ముఖ్యకారణం ఇంగ్లీషు భయం. ఉర్దూ మాధ్యమంలోనో తెలుగు మాధ్యమంలోనో పదవ తరగతి ముగించి, ఇంటర్మీడియట్‌లో ఒక్కసారిగా ఇంగ్లీషు పుస్తకాల ముందు కూర్చున్న విద్యార్థి, వైద్య సంబంధమైన చదువు తనకు అందదని నిశ్చయించుకొంటున్నాడు. ఇంగ్లీషు కష్టమే. అయినను ఒకటి రెండు సంవత్సరాల శ్రమతో దొరికే వస్తువు అది. కాని మన విద్యార్థి దగ్గర శ్రమ లేకుండా వచ్చిన సంపద ఒకటున్నది. అతడు ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడతాడు, బజారులో తెలుగు మాట్లాడతాడు, బళ్ళారి, సిరుగుప్ప, రాయచూరు వైపు బంధువులతో కన్నడం మాట్లాడతాడు. "ఎద పట్టేసింది" అన్న రైతు మాట, "దిల్ ఘబరారా" అన్న ఖాలా మాట, "ఎదె నోవు" అన్న సరిహద్దు కూలి మాట ఒకే రోగాన్ని చెప్పవచ్చునని గ్రహించగలవాడు అతడే. అంబులెన్సులో పరీక్షాశాల ఉండదు. అక్కడ రోగి చెప్పే మాటే మొదటి పరీక్ష. ఆ మాట అర్థం కానివాడు ఎంత చదివినా సగం చదివినవాడే. బలహీనత అనుకొని మనం తల దించుకొంటున్న మన బహుభాషా జీవితం ఈ వృత్తిలో బలమవుతుంది.

విద్యార్థినుల విషయం వేరుగా చెప్పవలసి ఉన్నది. ఆడపిల్ల రాత్రిపూట బండిలో తిరుగుటా అని ఆశ్చర్యపడే తల్లిదండ్రులు మనలో ఉన్నారు. వారి భయాన్ని మేము పరిహసించము. రక్షణ, రవాణా, విశ్రాంతి గది వంటి సదుపాయాలు అడిగి తీసుకొనవలసినవే. కాని వారొక్క సంగతి ఆలోచించాలి. తమ ఇంటి ఆడబిడ్డకు అర్ధరాత్రి కాన్పు నొప్పులు వచ్చినప్పుడు, బండిలో వచ్చినవారు స్త్రీయైతే బాగుండునని వారు కోరుకోరా? అందరూ ఇతరుల కుమార్తెలు రావాలని కోరుకొని, తమ కుమార్తెను పంపకపోతే ఎవరు వస్తారు? ఇస్లాం చరిత్రలో రుఫైదా అల్ అస్లమియా అను మహిళ ఖందక్ యుద్ధకాలంలో గుడారం వేయించి గాయపడినవారికి శుశ్రూష చేసినట్లు చరిత్రకారులు చెబుతారు. మన పెద్దలకు ఈ మార్గం క్రొత్తది కాదని చెప్పుటకు ఆమె పేరు చాలును.

ఇన్ని చెప్పి, ఈ వృత్తిలోని కష్టాలు చెప్పకపోతే విద్యార్థులను మోసగించినవారమవుతాము. ఈ చదువు చదివిన ప్రతివానికీ వెంటనే ప్రభుత్వోద్యోగం సిద్ధంగా ఉండదు. అంబులెన్సు ఉద్యోగాలు చాలవరకు గుత్తేదారు సంస్థల ద్వారా జరిగేవి. జీతాలు చదువుకు తగినంత లేవు. పట్టా ఉన్నవానికీ లేనివానికీ బండిలో ఒకే స్థానం ఉండవచ్చును. పట్టాదారులకు ప్రత్యేకమైన పదవి, ప్రత్యేకమైన వేతనం కల్పించవలెనని ప్రభుత్వాన్ని కోరడం మన అందరి కర్తవ్యం. కష్టపడి చదివినవానికి గుర్తింపు లేకపోతే రేపు చదివేవాడుండడు. అయినను ఈ పట్టాకు తలుపులు కొన్ని తెరచియే ఉన్నవి. పెద్ద ఆసుపత్రుల అత్యవసర విభాగాలు, కర్మాగారాల ఆరోగ్య కేంద్రాలు, విమానాశ్రయాలు వీరిని కోరుతాయి. గల్ఫ్ దేశాలకు మనవారు ఏళ్ళ తరబడి డ్రైవర్లుగా, కూలీలుగా పోతున్నారు. చేతిలో వైద్యవిద్య గల పట్టాతో, అక్కడి అర్హత పరీక్షలు నెగ్గి పోయినవాని బ్రతుకు వేరుగా ఉంటుంది.

మరొక హెచ్చరిక. 'పారామెడికల్' అన్న బోర్డు కనబడిన ప్రతి మేడ మీదికీ ఎక్కవద్దు. చేరేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ చదువుకు పట్టా ఇచ్చే విశ్వవిద్యాలయం ఏది? ఆ విశ్వవిద్యాలయపు అనుబంధ జాబితాలో ఈ కళాశాల పేరు, ఈ చదువు పేరు ఉన్నవా? శిక్షణకు అత్యవసర విభాగం గల ఆసుపత్రి ఉన్నదా? చివరి ఏడాది అనుభవ శిక్షణ ఎక్కడ ఇస్తారు? వీటికి కాగితం చూపి జవాబు చెప్పనివారికి రుసుము కట్టవద్దు. అట్లే బి.సి.-ఇ వర్గానికి 2007 చట్టం ద్వారా కల్పించిన నాలుగు శాతం రిజర్వేషను, మన దూదేకుల సోదరులకు బి.సి.-బి వర్గంలో గల హక్కు ధ్రువపత్రం సకాలంలో లేనందువలన ఏటా పోగొట్టుకొనేవారున్నారు. సీటు వచ్చిన తరువాత మీ-సేవ చుట్టూ తిరుగుట కంటె, ఇంటర్మీడియట్ మొదటి ఏటనే ఆ పత్రాలు సంపాదించుకొనుట వివేకం.

చివరకు మన కళాశాల పాలకవర్గానికి మేము సవినయంగా మూడు మనవులు చేసికొంటున్నాము.

మొదటిది: ఏటా ఒక విద్యార్థికీ, ఒక విద్యార్థినికీ ఈ పట్టా చదువు పూర్తి అయ్యేవరకు రుసుమూ వసతీ భరించే విద్యార్థివేతనం ఏర్పరచాలి. భారం పెద్దదని తోచవచ్చును. కరవు కాలంలో నేతగాండ్ర బ్రతుకు నిలుపుటకై ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు సహకార సంఘం స్థాపించినప్పుడు కూడ అది పెద్ద భారమే. పదిమంది పూనుకొన్నందువల్లనే ఆ ఊరి మగ్గం నిలిచింది.

రెండవది: తెలుగు శాఖ, ఉర్దూ శాఖ కలిసి ఒక చిన్న పదకోశం సిద్ధం చేయుటకు అనుమతి, అచ్చు ఖర్చు ఇవ్వాలి. మన ప్రాంతపు రోగులు తమ బాధను తెలుగులో, దక్కనీలో, కన్నడంలో ఏయే మాటలతో చెప్పుకొంటారో సేకరించి, దాని ఎదుట వైద్యశాస్త్రపు మాటను చేర్చుదాము. దానిని అంబులెన్సులలో పనిచేసేవారికి ఉచితంగా ఇద్దాము. ఖాలా మాట మేము అనువదించవలసి వచ్చిన ఆ రాత్రి నుండి ఈ కోరిక మాలో ఉన్నది.

మూడవది: ఏ శాఖ విద్యార్థియైనను సరే, ఈ కళాశాల విడచి వెళ్ళేలోగా, ఆగిన గుండెను నిమిషానికి వంద నుండి నూట ఇరవై సార్లు ఎదపై నొక్కి నడిపించుట నేర్చుకొని వెళ్ళాలి. జాతీయ సేవా పథకం ద్వారా ఏటా ఒక్క శిబిరం నడిపితే చాలు. రోడ్డు ప్రమాదాలలో గాయపడినవారికి సహాయపడినవారిని పోలీసులు, న్యాయస్థానాలు వేధించరాదని 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలకు చట్టబలం చేకూర్చింది. 2019లో మోటారు వాహనాల చట్ట సవరణ ఆ రక్షణను మరింత దృఢపరచింది. కాబట్టి భయానికి తావు లేదు, తెలియకపోవుటకే తావున్నది.

విద్యార్థులారా! మీలో వైద్యులు కాగోరేవారు అనేకులుంటారు. కొందరికి సీటు వస్తుంది, అనేకులకు రాదు. రానివారు తమ బ్రతుకు ముగిసినదనుకొని, ఆసక్తి లేని ఏదో చదువులో చేరిపోవుట ప్రతి ఏటా చూస్తున్నాము. మీరు ఓడినవారు కారు. వైద్యుడు తన గదిలో కూర్చుండి ఎదురుచూసే రోగిని, ప్రాణంతో అక్కడికి చేర్చేవారి కొరకు ఈ నేల ఎదురుచూస్తున్నది. కోడుమూరు దారిలో ఆ రాత్రి వణకిన ఆ చేతులు మాకు ఇప్పటికీ కనిపిస్తూ ఉంటాయి. ఆ చేతుల స్థానంలో రేపు మీ చేతులు ఉండాలనీ, అవి వణకకుండా ఉండుటకు కావలసిన చదువు మీరు చదువుకొని ఉండాలనీ మా ఆకాంక్ష.